తల్లిపాలలో చక్కెర

కాలేజీ ల్యాబులో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయించే ఆవిడను విద్యార్థులు చాటుగా సీసాలమ్మ అనేవాళ్లు. ఆవిడకూ తెలుసు. పేరు అతికినట్టుందని తనలో తనే నవ్వుకునేది. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక చెల్లెల్ని తనే పెంచింది.

ఆ చెల్లెలికి తొలిచూలు ఆడపిల్ల. పుట్టిన కొన్నాళ్లకే ఒళ్లు పచ్చబడింది, తాగిన పాలన్నీ కక్కేసేది. నీరసపడుతున్న కొద్దీ, "ఇంకో గుక్క పట్టవే, పాలే దానికి ప్రాణం" అని సీసాలమ్మ వెంటపడి పట్టించింది. పేరైనా పెట్టకముందే పాప కన్నుమూసింది. కామెర్లు ముదిరాయన్నారు.

మలిచూలు మగపిల్లాడు. వాడూ పచ్చబడ్డాడు, పాలు కక్కడం మొదలుపెట్టాడు. చెల్లెలికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఈసారి పిల్లల డాక్టరు మొదటి పాప సంగతంతా ఓపిగ్గా అడిగింది. "మూత్రంలో ముంచే మా పట్టీ గ్లూకోజునే చూపిస్తుందమ్మా. వేరే చక్కెర ఉంటే దానికి తెలీదు. రక్తం పెద్ద ల్యాబుకి పంపాను, రిపోర్టు ఆలస్యమవుతుంది. గ్లూకోజు కాని చక్కెరలకూ రంగు మారే పాత బెనెడిక్ట్ టెస్టు చేస్తే ఈలోగా కొంత తెలిసేది."

"ఆ నీలం మందు మా దగ్గర సీసాల కొద్దీ ఉంది" అంది సీసాలమ్మ.

కాలేజీ ల్యాబులో నీలం మందులో పిల్లాడి మూత్రం నాలుగు చుక్కలు వేసి, గొట్టాన్ని మరిగే నీళ్లలో నిలబెట్టింది. రంగు మారాలని కోరుకోవాలో, మారకూడదని మొక్కుకోవాలో తోచలేదు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుకరంగు మడ్డి అడుగున దిగింది. పట్టీ మీద మాత్రం గ్లూకోజు జాడే లేదు.

పాలచక్కెర రెండు చిన్న చక్కెరల జంట అని ఆవిడ ఏటా బోర్డు మీద రాసేది. పేగుల్లో అది గ్లూకోజుగా, గాలక్టోజుగా విడిపోతుంది. ఆ రెండోదాన్ని ఈ బిడ్డ ఒళ్లు వాడుకోలేకపోతోంది. అది పేరుకుపోయి కాలేయాన్ని తినేస్తోంది.

"తల్లిపాలు ఇప్పుడే ఆపేయాలి. సోయా పాలపొడి పట్టండి" అంది డాక్టరు. చెల్లెలికి తనే చెబుతానంది సీసాలమ్మ.

అంతా విని చెల్లెలు ఒక్కటే అడిగింది. "అయితే పాప నా పాలవల్లే పోయిందా అక్కా?"

"అప్పుడెవరూ పరీక్ష చేయలేదే. తెలీదు."

"నీకు తెలుసు."

సీసాలమ్మ తల దించుకుంది. "పట్టమని ప్రాణం తీసింది నేనే కదే."

"పట్టింది నేను."

పెద్ద ల్యాబు రిపోర్టూ అదే చెప్పింది. పిల్లాడి కామెర్లు మెల్లగా తగ్గాయి. చెల్లెలి పాలు మాత్రం ఓ పట్టాన ఇంకలేదు. స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని పిండుకునేది. పైకి వినిపించేది నీళ్ల చప్పుడే. తువ్వాలు పట్టుకుని సీసాలమ్మ తలుపు బయట నిలబడేది.

ఒకరోజు కొళాయి ఆగింది.

"అక్కా, పాప ఎవరి పోలికే? నాకు సరిగ్గా గుర్తురావడం లేదు."

"నీ పోలికే" అంది సీసాలమ్మ. "నుదురొక్కటీ అమ్మది."