మార్చి దాకా కట్టిన పన్ను

"మాలతీ, సార్‌వాళ్లకు చాయ్ తీస్కరా. సక్కెర జర తక్కువెయ్యి," అని ఉపేందర్ హాల్లోంచి కేకేశాడు. మాలతి అప్పటికే పాలు పొయ్యి మీద పెట్టింది. చంపాపేట్‌లోని ఈ ఇల్లు కొనడానికి రామమోహనరావు, ఆయన భార్య మృదుల మళ్లీ వచ్చారు. ధర కుదిరింది. మర్నాడు బయానా ఇస్తారు, దసరా వెళ్లాక రిజిస్ట్రేషన్. ఇక తేలాల్సింది ఇంటి పన్ను ఒక్కటే.

ఇల్లు మాలతి పేరు మీద ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు పెట్టినప్పుడు, అప్పులవాళ్లు ఇంటి మీద పడతారన్న భయంతో ఉపేందర్ అలా రాయించాడు. "పేరు నీదైతే ఇల్లు నీదైతదా ఏంది?" అని అత్త భాగ్యమ్మ గృహప్రవేశం నాడే చుట్టాల ముందు నవ్వుతూ అంది. మాలతి కూడా నవ్వింది. ఆ తర్వాత ఇన్నేళ్లూ పొద్దున వంట, మధ్యాహ్నం నుంచి జీతం లేకుండా కొట్లో నిలబడటం, కాస్త తీరిక దొరికితే చుట్టుపక్కల వాళ్ల చీరలకు ఫాల్ కుట్టడం. ఆ ఫాల్ డబ్బులతోనే ఏటా ఏప్రిల్‌లో ఇంటి పన్ను కట్టేది. ఎవరూ కట్టమనలేదు, ఎందుకు కడుతున్నావనీ అడగలేదు. రసీదు మీద తన పేరు చూసుకున్న కాసేపు, ఎవరింట్లోనో ఉంటున్నట్టు అనిపించేది కాదు. ఇప్పుడు మరిది విజయ్‌కుమార్ బడంగ్‌పేట్‌లో ప్లాట్ల వ్యాపారం మొదలుపెడుతున్నాడు, అన్న పెట్టుబడి పెట్టాలి. తాము కొట్టు వెనక గదుల్లోకి మారాలి. ఈ సంగతి ఆమెకు చెప్పింది పక్కింటావిడ. ఉపేందర్‌ని అడిగితే, "నువ్వు సంతకం పెడ్తే సాలు, మిగిలింది మేం చూస్కుంటం," అన్నాడు. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. వద్దంటే ఎక్కడికి పోవాలో తెలియదు, సరేనంటే ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో తెలియదు.

చాయ్ ఇచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

"పన్ను ఏడాది మొత్తానికీ కట్టేశారు కదండీ," అన్నాడు రామమోహనరావు. "రిజిస్ట్రేషన్ రోజు దాకా మీ వంతు. అక్కణ్నుంచి మార్చి దాకా మాది. ఆ మేరకు మీకిచ్చేస్తాం."

"గంతే గద సార్. నా నంబర్‌కు ఎయ్యుండ్రి," అన్నాడు ఉపేందర్.

మృదుల ఉపేందర్ చూపించిన పన్ను రసీదు చూసి తలెత్తింది. "ఇదీ మాలతిగారి పేరు మీదే ఉంది. ఆవిడకే పంపుదామండీ."

"పేరుకే మేడం. కట్టేది మేమే."

అబద్ధమాడుతున్నాడని మాలతికి అనిపించలేదు. అతను నిజంగానే అలా నమ్ముతున్నాడు. అందుకే భయమేసింది. వచ్చి మృదుల పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"పన్ను నేనే కట్టిన సార్," అంది. "మీ వంతు ఇయ్యకుండ్రి. మార్చి దాకా ఈడ నేనే ఉంట. ఏప్రిల్ల గూడ నేనే కడ్త. నేను ఇల్లు అమ్ముతలేను."

"ఏందే, దిమాక్ ఖరాబైందా?" అన్నాడు ఉపేందర్, గొంతు పెంచకుండా.

రామమోహనరావు భార్య వైపు చూసి లేచాడు. "ఆవిడ ఒప్పుకోకుండా మేం ముందుకెళ్లలేమండీ."

వాళ్లు వెళ్లగానే ఉపేందర్ తలుపేశాడు. తల్లికీ తమ్ముడికీ ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాడు. వాళ్లొచ్చి ఏమేం అంటారో, ఎన్నాళ్లు అంటూనే ఉంటారో మాలతికి తెలుసు. ఆ తలుపు ఇక తనకోసం ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు.

"ఎవల్ని చూస్కొని నీకు గింత ధైర్యం?" అన్నాడు ఉపేందర్.

మాలతి ఆలోచించింది. పుట్టింట్లో గానీ, ఈ వీధిలో గానీ ఒక్క పేరూ తోచలేదు.

"ఎవల్లేరు," అంది. "గందుకే సంతకం పెడ్తలేను."