పొడుగు కన్ను

వరంగల్‌లో నా అంత వేగంగా కంటికి మత్తు సూది వేసే డాక్టరు లేడని 1984లో ఒకాయన అంటూ ఉండేవాడు. ఆ ఒకాయన నేనే.

మట్టెవాడలో బట్టలు కుట్టే ఫాతిమా బేగం ఎడమ కంటి శుక్లానికి ఆపరేషన్ కోసం వచ్చింది. దూరం చూపు ఎలా ఉండేదని నేను అడగాల్సింది, అడగలేదు. అరవై ఏళ్లొచ్చినా అద్దాల్లేకుండా, ముక్కుకు ఆనించుకుని సూదిలో దారం ఎక్కిస్తానని ఆమే చెప్పింది. మంచి కళ్లని మెచ్చుకున్నాను. దగ్గరివే కనిపించే కన్ను మామూలు కంటికన్నా పొడుగ్గా ఉంటుందని, సూదికి తేలిగ్గా దొరుకుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేనే.

పైకి, ముక్కువైపు చూడమని, కనుగుడ్డు పక్కనుంచి దాని వెనక్కి సూది దింపాను. మాకు అలాగే నేర్పారు. ఆమె గట్టిగా మూలిగింది. కన్ను తాకి చూసిన సిస్టర్ మొగిలమ్మ మెల్లగా చెప్పింది.

"సార్, కన్ను మెత్తబడ్డది."

సూది కంట్లోకే దిగింది. నాకు ముందు గుర్తొచ్చింది ఆమె చూపు కాదు, నా పేరు. సిగ్గుపడాల్సిన సంగతే. పడ్డాను కూడా, కాస్త ఆలస్యంగా. ఆపరేషన్ ఆపేసి, కంటిమీద ఒత్తిడి పడకుండా కట్టు కట్టాను. పెద్ద పెద్ద మాటలు సిద్ధం చేసుకున్నాను గానీ నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

"అమ్మా, నా సూది మీ కంట్లో గుచ్చుకుంది. తప్పు నాదే."

ఆమె తన వేలి కొసను బొటనవేలితో తడుముకుంది.

"నేను గూడ శానసార్లు సూది గుచ్చుకున్న, డాక్టర్ సాబ్. గని అది నా వేలు."

ఆ రోజే ఆమెను రైల్లో హైదరాబాద్ తీసుకెళ్లాను. కన్ను పొడుగని నేను ముందే పోల్చుకోవాల్సిందని దారిలోనే చెప్పాను. అక్కడి డాక్టరు చిల్లు చుట్టూ గడ్డకట్టేంత చల్లబరిచి, లోపలి పొర ఊడిపోకుండా అంటించాడు. కన్ను నిలిచింది. చూపు మాత్రం ఎదుట పెట్టిన వేళ్లు లెక్కపెట్టేంతే మిగిలింది.

రెండేళ్లకు కుడి కన్నూ మసకబారింది. ఇక అదొక్కటే ఆధారం. ఆమె మా దవాఖానకే వచ్చింది. మా పెద్ద డాక్టర్ రాజేశ్వర్ రావు గారు చేస్తారని నేలచూపులు చూస్తూ చెప్పాను.

"ఆయిననే చెయ్యమను బేటా. నువ్వు పక్కన నిలబడు. నా కన్ను పొడుగని చెప్పెటోడు ఒకడు గావాలె గద."

నిలబడ్డాను. ఆయన సూది ఎత్తేలోపే రెండుసార్లు చెప్పాను. తెలుసయ్యా అని ఆయన విసుక్కున్నారు. అప్పుడు ఆపరేషన్ బల్ల మీదనుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఇంకోసారి చెప్పు బేటా."

చెప్పాను.