ఉప్పుటేట్లో దిగిన మా వదిన

సముద్రం ఊరి మీదికి వచ్చి వెళ్ళాక మా దగ్గర ఎవరూ మోకాటి లోతు నీళ్ళలోకి కూడా దిగలేదు. ఉప్పుటేట్లో నానేసిన కొబ్బరి డొక్కలు అక్కడే కుళ్ళిపోయాయి. తాళ్ళు పేనే పని ఆగిపోయింది. మరబోట్లు మిగిలినవాళ్ళు కూడా వాటిని ఒడ్డునే బోర్లించి ఉంచారు.

ఆ రోజు మా అన్న విమలదాస పోయాడు. మా అక్క పోయింది, శవం కూడా దొరకలేదు. మా వదిన సిరియావతి ఒక చేత్తో కొబ్బరిచెట్టునీ ఇంకో చేత్తో నాలుగేళ్ళ కూతురినీ పట్టుకుంది. చెట్టు నిలిచింది. పిల్ల చెయ్యి జారిపోయింది.

మమ్మల్నందరినీ విహారం ఆవరణలో ఉండమన్నారు. మేం భంతే అని పిలిచే పెద్ద భిక్షువు తన చాప కూడా మాకే ఇచ్చేశారు. వదిన స్నానం మానేసింది. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేది, కళ్ళు మూసుకుని మంచినీళ్ళు తాగేది. వాన మొదలైతే గుడారంలోంచి పరుగెత్తి స్తూపం మెట్లెక్కి కూర్చునేది. పక్క గుడారం కరుణావతి జాలిపడుతూనే, పూర్వజన్మలో ఏం చేశావో తల్లీ అంది. అలా అనకూడదని భంతే ఆమెను మందలించారు. కానీ ఆ మాట అప్పటికే వదిన చెవిన పడిపోయింది.

కొలంబో నుంచి ప్రసన్న పాస్టర్ మనుషులు వ్యాన్లో బియ్యం, పప్పు, పాలపొడి తెచ్చారు. పాలపొడి డబ్బాల కింద చిన్న చిన్న మతపుస్తకాలు ఉన్నాయి. వాళ్ళలో ఒకతను, నమ్మినవాళ్ళకి దేవుడు ఇల్లు కూడా ఇస్తాడని నోరుజారాడు. ఇంకేముంది, బాప్తిస్మంలో మునిగితే ఇల్లిస్తారట అని ఊరంతా పాకింది. భంతే పాస్టర్‌ని పిలిపించారు. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం మాత్రమే పెట్టాలి బాబూ, ప్రశ్న పెట్టకూడదు అన్నారు. పాస్టర్ తలొంచుకున్నాడు. పుస్తకాలు ఆగిపోయాయి. పుకారు ఆగలేదు.

వాళ్ళతో రూత్ అనే నర్సు వచ్చేది. వదిన అరచేతిలో చీము పట్టిన గాయానికి ఆమే కట్టు కట్టేది. ఒకరోజు వదిన, నా పాపం వల్లే పిల్ల పోయిందంటావా అని అడిగింది. తనకి తెలియదంది రూత్. కట్టు ముడివేస్తూ, తుఫానులో నీళ్ళ మీద నడవబోయి మునిగిపోతున్న ఒక జాలరి కథ చెప్పింది. వాళ్ళ ప్రభువు అతని చెయ్యి పట్టుకున్నాడట.

"వదల్లేదా?" అంది వదిన.

"వదల్లేదు."

"వాడు భయపడ్డాడన్నావుగా?"

"భయపడి అరిచాడు కాబట్టే పట్టుకున్నాడమ్మా."

కూతురు పోయాక వదిన ఏడవడం నేను చూసింది ఆ రోజే. తర్వాత రూత్ వచ్చినప్పుడల్లా ఆ కథే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది.

వానాకాలం వెళ్ళాక, బాప్తిస్మం తీసుకుంటానని నాతో చెప్పింది. పక్క ఊళ్ళో ప్రార్థన పాక తగలబెట్టి అప్పటికి వారం కూడా కాలేదు. ఇంటి కోసమే అంటారు వదినా, అన్నాను. ఆమె తిన్నగా పాస్టర్ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు కట్టించిన ఇళ్ళలో తనకి రావలసినది కరుణావతికి ఇమ్మంది. ఇంటికీ దీనికీ సంబంధం లేదని ఆయన ఎంతగానో చెప్పాడు.

"నాకు తెలుసయ్యా. ఊరికి తెలియదుగా" అంది.

భంతేకి కూడా తనే చెప్పింది. ఆయన ఒకటే అడిగారు.

"భయం పోయి వెళ్తున్నావా తల్లీ, భయంతో వెళ్తున్నావా?"

"పోలేదు స్వామీ. భయంతోనే వెళ్తున్నాను."

తనకి సంతోషమని చెప్పలేనన్నారు భంతే. ఊరి కుర్రాళ్ళు తన మాట వినడం లేదనీ, జాగ్రత్తగా ఉండమనీ చెప్పి పంపారు.

ఆ సాయంత్రమే మా అక్క కొడుకు దమిత్ వచ్చాడు. ఇరవై ఏళ్ళవాడు, చిన్నప్పుడు వదిన ఒళ్ళోనే పెరిగాడు. గుడారం బయటే నిలబడి, "నువ్వా నీళ్ళలో దిగితే మళ్ళీ ఒడ్డెక్కనివ్వం అత్తా" అని వెళ్ళిపోయాడు.

పొద్దున్నే ఉప్పుటేటి దగ్గరికి వెళ్ళాం. నాకు ఆ దేవుడి మీద నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. వదినను ఒంటరిగా పంపలేక వెళ్ళాను. పాస్టర్, రూత్ నడుంలోతులో నిలబడ్డారు. వదిన పాదాలు తడిశాయో లేదో వణుకు మొదలైంది. మోకాళ్ళ దాకా వెళ్ళి, వాంతి చేసుకుని, వెనక్కి తిరిగింది.

అప్పుడే కొబ్బరితోటలోంచి కుర్రాళ్ళు వస్తూ కనిపించారు. చేతుల్లో కర్రలున్నాయి. ముందు దమిత్.

ఎప్పుడు దిగానో తెలియదు, నేనూ నీళ్ళలోనే ఉన్నాను, వదిన మోచెయ్యి పట్టుకుని. ఇద్దరం లోపలికి నడిచాం. వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళు తడి ఇసుక దగ్గరే ఆగిపోయి ఉన్నారు. దమిత్ ఒక కాలు ముందుకు వేశాడు. నీళ్ళు తగలగానే లాక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు.

పాస్టర్ రెండు మాటలు అని వదినను ముంచి లేపాడు. ఊపిరందక ఆమె నా భుజంలో గోళ్ళు దించేసింది.

"బయటికి రా!" అని అరిచాడు దమిత్. మళ్ళీ కాలు ముందుకు వేశాడు.

"వస్తున్నాన్రా" అంది వదిన. "నువ్వు మాత్రం నీళ్ళలోకి రాకు నాయనా. అక్కడ గుంట ఉంది. అక్కడే ఉండు."

వాడు అక్కడే ఉండిపోయాడు. మిగతావాళ్ళు రాళ్ళు విసిరారు. రూత్ కనుబొమ చిట్లింది. వ్యాన్ అద్దాలు పగిలాయి. మేము వాడి పక్క నుంచే ఒడ్డెక్కాం. వాడు కర్ర ఎత్తలేదు, పక్కకి తప్పుకోలేదు కూడా.

వ్యాన్ మళ్ళీ మా ఊరు రాలేదు. కరుణావతి ఆ ఇంట్లో చేరింది, మాతో మాటలు మానేసింది. మేమిద్దరం రేకుల పాకలో ఉన్నాం. మేం మళ్ళీ పేనడం మొదలుపెట్టిన తాళ్ళు ఊళ్ళో ఎవరూ కొనలేదు, దూరం మోసుకెళ్ళి అమ్ముకున్నాం. ఆదివారాలు వదిన పట్నంలో ప్రార్థనకు వెళ్ళి తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. తలుపు చప్పుడైతే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం.

ఏడాది తిరిగాక, పోయినవాళ్ళ పేరున భిక్షువులకు భోజనం దానం పెట్టాను. వంటంతా వదినే చేసింది. భిక్షువుల సూత్రపఠనం మొదలవగానే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అది అందరూ చూశారు. భంతే కూడా చూశారు, వడ్డించింది తిన్నారు. వడ్డన దమిత్‌ది. వాడు ఖాళీ గిన్నెతో పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"అత్తా, పప్పు ఇంకా ఉందా?"

ఉందంది వదిన.