దండెం తాడు

సంచిలో రెండు జతల మేజోళ్లు పెట్టాను. చాలవేమోనని ఇంకో జత దూర్చాను. తువ్వాలు, మోకాలి పట్టీ, మందు సీసా. సీసాను గుడ్డలో చుట్టి, కారుతుందేమోనని మళ్లీ విప్పి మూత చూశాను. ఓడరేవులో పనికి వెళ్తున్న మా ఆయనకీ ఈ సంచే సర్దాను. సంచి ఒక్కటే తిరిగొచ్చింది.

"అక్కా, నేను వెళ్తున్నది యుద్ధానికి. పెళ్లికి కాదు," అన్నాడు తమ్ముడు.

"పెళ్లికైతే ఇంత భయమెందుకురా? అయినా నీకు పిల్లనెవరిస్తారు?"

నవ్వాడు. పాత యుద్ధంలో మోకాలికి తూటా తగిలి ఇంటికొచ్చాక వాడు మేడమీది గది దిగడమే అరుదు. గడియారాలు బాగుచేస్తాడు. వాటిని తెచ్చేవాళ్లతో మాట్లాడేది నేనే. కింద బట్టలు కుట్టుకుంటూ, మెట్లమీద వాడి కుంటి అడుగు వినబడితే ఆ పూటకి ధైర్యంగా ఉండేదాన్ని. అలాంటివాడి కోసం పొద్దున్నే జీపు వచ్చింది.

జీపులో వచ్చిన కెప్టెన్ కుర్చీ అంచున కూర్చుని సంగతి చెప్పాడు. యుద్ధం మళ్లీ మొదలైంది. మన సైనికులు కొందరు ఒక లోయలో చిక్కుకున్నారు. చుట్టూ మందుపాతరలు. అవి మా తమ్ముడు పాతినవే. వాటి పటం ఎప్పుడో కాలిపోయింది.

"అయితే దారి కాగితం మీద రాసిచ్చి పంపించరా," అన్నాను.

"రాళ్ల గుర్తులు చూస్తేగాని ఎటు తిరగాలో చెప్పలేనక్కా. అప్పుడు టేపు పట్టుకునే తీరికెక్కడిది? నా అంగలతో కొలిచి పాతాను."

"ఆ అంగ ఇప్పుడు నీకెక్కడుంది? జానెడు తగ్గిపోయింది. మెట్లమీద రోజూ వింటున్నానుగా!"

కెప్టెన్ మొహం పాలిపోయింది. ఇక తమ్ముడు ఆగిపోతాడనుకున్నాను. వాడు కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. కాలు బాగున్న రోజుల్లో సెలవుకొచ్చి, గజంబద్ద ఇస్తానన్నా వినకుండా, ఎనిమిది అంగలు వేసి దండెం స్తంభాలు పాతింది వాడే.

"అక్కా, ఆ తాడు ఇస్తావా?"

తడిబట్టలు తీసి గట్టుమీద పడేశాను. స్తంభం నుంచి స్తంభానికి బిగుతుగా లాగి తాడు కోశాం. మూడుసార్లు సగానికి మడిస్తే ఒక అంగ. వాడు మడతల దగ్గర ముడులు వేయబోయాడు.

"ముడేస్తే కొలత తగ్గిపోదూ, తెలివైనవాడా!"

లాక్కుని, మడతమడతకీ ఎర్రదారంతో కుట్టు వేశాను. ఒక్క కుట్టూ పక్కకి పోనివ్వలేదు.

"గడియారాలకి కీ ఇవ్వడం మరిచిపోకు," అన్నాడు జీపెక్కుతూ.

"నువ్వొచ్చి ఇచ్చుకో."

తర్వాతి సంగతి కెప్టెనే వచ్చి చెప్పాడు. తాడు పరుచుకుంటూ మా తమ్ముడు వాళ్లని ఒక్కొక్కరినే బయటికి నడిపించాడట. సగంమంది దాటేసరికి ఎదుటి కొండమీంచి కాల్పులు మొదలయ్యాయి. పక్కవాడి తుపాకీ అందుకుని, మిగతావాళ్లు దాటేదాకా రాయి చాటున ఒక్కడే నిలబడ్డాడట.

"కొలత ఎక్కడా తప్పలేదమ్మా," అని కెప్టెన్ తాడు నా చేతిలో పెట్టాడు.

రెండు కొసలకీ తాడు ముక్కలు జోడించి దాన్ని మళ్లీ స్తంభాలకి కట్టాను. బట్టలు ఆరేస్తుంటే ఎర్రకుట్లు వేళ్లకి తగులుతాయి. గడియారాలు ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు. మెట్లమీద చప్పుడు లేదు.

లోయలో చిక్కినవాళ్లందరూ వచ్చారు. మా తమ్ముడు రాలేదు. వాడు పోయింది ఆ ఏటి తొలివానలప్పుడు, మంగళవారం మధ్యాహ్నం.