గాల్లో ఆగిన పాచిక

ఆదివారం మధ్యాహ్నం దర్జీ పిన్ని షాపు తలుపులు దగ్గరకు వేసి, గుడ్డముక్కలు ఊడ్చేసి, కత్తిరింపుల బల్ల మీద సుద్దతో గళ్లు గీస్తుంది. ఆ గళ్లే యుద్ధభూమి. కోటు గుండీలు రాక్షసులు, చొక్కా గుండీలు వీరులు. కథ నడిపేదీ, తగవులు తీర్చేదీ పిన్నే. తలా ఒక వీరుడి పాత్ర పట్టుకుని ఆడేది ముగ్గురు: లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్న పిన్ని అక్క కూతురు, పక్కనున్న మందుల షాపతను, రూల్సు పుస్తకం మొత్తం నోటికొచ్చిన సంగీతం మాస్టారు.

రూలు తేలకుండా ఆ బల్ల మీద పాచిక వేస్తే కింద పడేది కాదు. ముఖాల ఎత్తున గాల్లో ఆగి, మెల్లగా తిరుగుతూ ఉండేది. తీర్పు కుదిరాకే టక్కున పడేది. గుర్రం మీద వెళ్లేవాడికి బురద అడ్డమా కాదా అన్నది ఒకసారి ఎంతకీ తేలక, దాన్నలాగే వదిలేసి భోజనాలు చేసొచ్చారు.

ఆ ఆదివారం అక్క కూతురి కత్తివీరురాలు రాక్షసుడి గుప్పిట్లో చిక్కింది. ఏళ్లుగా ముద్దుగా పెంచుకున్న పాత్ర. ఇంకో దెబ్బ తగిలితే ఇక లేనట్టే. పిన్ని రాక్షసుడి తరఫున పాచిక విసిరింది. అది చెయ్యి దాటుతుండగానే మందుల షాపతను, తన విలుకాడు మధ్యలోకి దూకి ఆ దెబ్బ కాచుకుంటాడన్నాడు.

పాచిక ఆగిపోయింది.

మాస్టారు ససేమిరా అన్నాడు. విలుకాడి వంతు అయిపోయింది కాబట్టి అంగుళం కదలడానికి లేదన్నాడు. పిన్ని సరేనంది. పాచిక పడలేదు. పోనీ, వచ్చే వంతు వదులుకుంటే దూకనిద్దామంది. అప్పుడూ పడలేదు. టీలు అయిపోయాయి.

"అసలు వాడెందుకు దూకుతున్నాడు బాబూ?" అనడిగింది పిన్ని చివరికి.

"ఆమె పోతే మా దండు ఓడిపోతుంది కదండీ."

పాచిక తిరుగుతూనే ఉంది. అతను దానివంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"దండు కోసం కాదులెండి," అన్నాడు. "ఈ అమ్మాయి లేకపోతే నాకేం తోచదు. ఆటలోనూ, బయటా."

పాచిక టక్కున పడింది. అన్నిటికన్నా పెద్ద అంకె. విలుకాడు అక్కడికక్కడే చచ్చిపోయాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?" అంది అక్క కూతురు.

"నా వంతు రాలేదనుకున్నాను."

పిన్ని మెడలోని టేపు తీసి, పెళ్లిబట్టలకు కొలతలిమ్మంది. పిల్ల ఇంకా ఔననలేదు కదా అని మాస్టారు అడ్డు తగిలాడు.

అక్క కూతురు నవ్వుతూ లేచి, కొలతలకు చేతులు చాచి నిలబడింది.