నల్లకాగితం కట్ట

అచ్చుమెషీను గుమ్మం దాటనని మొరాయించింది. నలుగురు కూలీలు తాళ్లేసి లాగుతున్నారు. తలుపు ఊడదీయమంటున్నాడు ఇన్‌స్పెక్టరు. ఏళ్ల తరబడి దాన్ని కాలితో తొక్కి నడిపిన మెషీను మావయ్య మాత్రం గోడకు అతుక్కుపోయాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, నోరు పెగలాలిగా!

ఆమధ్య కాన్పులు చేసే నర్సమ్మ ఆడవాళ్ల కోసం ఒక పుస్తకం రాసి తెచ్చింది. కడుపులో బిడ్డ ఎలా ఉంటుందో, ఎలా బయటికొస్తుందో బొమ్మలతో సహా. ప్రెస్సు నడిపే అక్క సంతోషంగా ఒప్పుకుంది. ఆ బొమ్మలు అచ్చవుతుంటే మావయ్యకు తల కొట్టేసినట్టయింది. కాగితాలు మడిచేవాళ్లంతా ఆడవాళ్లు, అందులో ఒకతె సొంత కోడలు, పైగా కడుపుతో ఉంది. వాళ్ల కళ్లబడకుండా బొమ్మల కాగితాలను నల్లకాగితంలో చుట్టి చిత్తుకాగితాల గుట్ట కింద దూర్చాడు. మడతలు తానే పెట్టుకుందామనుకున్నాడు, మహానుభావుడు.

బూతు పుస్తకం అచ్చవుతోందని ఎవడో పుణ్యాత్ముడు ఫిర్యాదు చేశాడు. బల్లమీదున్న పేజీలు చదివి ఇన్‌స్పెక్టరు వెళ్లిపోబోయాడు కూడా. అంతలో నల్లకట్ట దొరికింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది, మంచిదైతే దాచడమెందుకన్నాడు. మెషీను, అక్షరాల పెట్టెలు, ఆఖరికి జిగురు గిన్నె కూడా జప్తు. ఎదురుగోడ మీద సినిమా పోస్టరులో ఒంటిమీద బట్ట నిలవని బొమ్మ నవ్వుతూనే ఉంది. దాని జోలికి ఏ చట్టమూ పోలేదు.

"బూతని తెలిసే దాచానని చెప్పు. నీ మీద కేసుండదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ఒక్క మాట కాగితం మీద పడితే ప్రెస్సు ఇక తిరిగిరాదని అందరికీ తెలుసు. అక్క జప్తు జాబితా మీద సంతకాలు పెడుతోంది. తిట్టినా బాగుండునని మావయ్య ప్రాణం విలవిల్లాడింది.

కోడలు ముందుకొచ్చింది. ఆమెకు చదువు రాదు. "అందులో ఏముంది, మావయ్యా?"

ఆయన కట్టలోంచి ఒక కాగితం లాగాడు. "ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి," అని చదివి ఆగిపోయాడు.

తొలికాన్పులో, ఇంట్లో ఇంకెవరూ లేని రాత్రి, కోడలు ఉమ్మనీరు పోయిందని మామతో చెప్పడానికి సిగ్గుపడి, తెల్లారేదాకా పళ్లబిగువున కూర్చుంది. బిడ్డ దక్కలేదు. సిగ్గు ఆమెదనుకున్నాడు ఇన్నాళ్లూ. ఆ సిగ్గు నేర్పింది తన ఇల్లేనని ఇప్పుడు తెలిసింది.

"బూతు కాదయ్యా. సిగ్గుపడి దాచాను. తప్పు నాది. మీరన్న మాట నేను చెప్పను."

ఇన్‌స్పెక్టరు కాగితం కోసం చెయ్యి చాపాడు. మావయ్య ఇవ్వలేదు. కోడలి వైపు తిరిగి, తరువాతి వాక్యం అందుకున్నాడు.