స్వస్థత పొందిన చేయి

వేడినీళ్ల గిన్నెలో రెండు చేతులూ ముంచి కూర్చుంది ఎలిజబెత్. పొద్దున్నే కొయ్యబారిపోయే వేళ్లు అలా నానితే గాని పనికి లొంగవు. పులివెందులలో టైలర్లకు చొక్కాల కాజాలు కుట్టి ఇస్తుంది. కీళ్లవాతంతో వేళ్లన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి. మణికట్టు ఎముకలు పైకి పొడుచుకొచ్చాయి.

అద్దం ముందు భర్త జీవన్ కుమార్ ఆ రోజు ప్రార్థన కూటంలో చెప్పబోయే సాక్ష్యం వల్లె వేసుకుంటున్నాడు. రిటైరైన బడిపంతులు. నలుగురు ఎదురుగా కూర్చుంటే చాలు, ఆయనకు పాఠం పుట్టుకొస్తుంది. విషయం తెలిసి ఉండాలన్న పట్టింపు ఎన్నడూ లేదు.

"ఈ పొద్దు ఇంజెక్షన్ దినం. ప్రొద్దుటూరు పోవల్ల," అందామె.

"ఇన్నాళ్లు ఏపిచ్చుకున్నావే, నొప్పి తగ్గిందా? నొప్పి తగ్గనిది మందెట్లయితాది?"

"అది నొప్పికి కాదంట. కీళ్లకాడ ఎముక అరక్కుండా. వాపు తగ్గింది మాత్రలకు. మొదలుపెట్టినాక ఇంజెక్షన్ ఆపితే వెన్నుపూసలు ఇరుగుతాయని డాక్టరమ్మ నీ ముందరే చెప్పె గదా."

"వాపు తగ్గింది నా ప్రార్థనకు. కూటంలో ఆ మాట చెప్పినాక నువ్వు ఆస్పత్రికి పోతే నా మొగాన ఉమ్ముతారు."

ఆయన మొగం. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో అందరూ కాపాడవలసింది అదొక్కటే. దాన్ని చూస్తే ఆమెకు రోత పుట్టింది. అయినా ఆయనతో వాదించడం బండరాయికి కాజా కుట్టడమేనని చేతులు తుడుచుకుని లేచింది.

శుక్రవారం ఉపవాస కూటంలో ఒక ఆచారముంది. స్వస్థత పొందామన్నవాళ్లు తమ మందులు తెచ్చి బల్ల మీద పెట్టేయాలి. ఇక ముట్టకూడదు. ఆ రోజు జీవన్ కుమార్ మైకు పట్టుకుని అరగంట మాట్లాడాడు, అందులో ఆమె పేరు వచ్చింది ఒక్కసారి. తర్వాత ఆమె మణికట్టు పట్టి పైకెత్తాడు. ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. ఎవరో ఫోన్లో ఫోటో తీశారు.

"మందులు పెట్టమ్మా," అన్నాడు సంఘపెద్ద పాలయ్య.

బయట ప్రొద్దుటూరు బస్సు హారన్ వినిపించింది. నాలుగడుగులు వేస్తే ఎక్కేయవచ్చు. కానీ ఆమె మాత్రలు బల్ల మీద పెట్టి, ఇంటికొచ్చి, చీకటి పడేదాకా కాజాలు కుట్టింది.

వారం తిరక్కుండానే వాపు మళ్లీ వచ్చింది. అది విశ్వాసానికి దేవుడు పెట్టిన శోధన అన్నాడు జీవన్ కుమార్. నెలలు గడిచాయి. ఒక ఉదయం కింద పడిన దారపు రీలు కోసం వంగితే వెన్నులో పుటుక్కుమంది. ఆ తర్వాత మంచం దిగలేదు. చలికాలంలో ఛాతీలో నెమ్ము చేరి, ఒక తెల్లవారుజామున ఎవరినీ లేపకుండానే పోయింది.

సమాధి దగ్గర కూడా జీవన్ కుమార్ ప్రసంగం ఎత్తుకున్నాడు. పక్కింటి మైమూన్ కాసేపు ఓర్చుకుంది.

"సచ్చినాకన్నా ఆమెను ఇడిసిపెట్టప్పా," అంది.

కూటం జరిగే మందిరం గోడకు ఆనాటి ఫోటోతో కట్టిన ఫ్లెక్సీని ఎవరూ తీయలేదు. అందులో జీవన్ కుమార్ నవ్వు ముఖం పెద్దది, ఆయన పిడికిట్లో పైకి లేచిన ఒక చేయి, పక్కకు ఒరిగిన నాలుగు వేళ్లు, వాటి కింద ఎర్రటి అక్షరాల్లో 'సంపూర్ణ స్వస్థత'.